సబ్రె జమీల్ – సొంత ఇంట్లో బాధపడుతున్న పెద్దలకు

తల్లిదండ్రుల హక్కుల గురించి మన మస్జిదులలో, ఇజ్తిమాలలో ఎన్నో ప్రసంగాలు వింటుంటాం. అవన్నీ చాలావరకు సంతానాన్ని ఉద్దేశించి చేసేవే. అవి అవసరమే. కాని ఆ ప్రసంగాలు వింటూ వెనుక సఫ్‌లో కుర్చీ మీద కూర్చున్న పెద్దాయనకు, ఇంట్లో తలుపు చాటున కూర్చున్న పెద్దమ్మకు మనం ఏం చెబుతున్నాం? పిల్లలు మారలేదు. రేపు కూడా అదే ఇంట్లో, అదే మాటల మధ్య తెల్లవారుతుంది. అప్పుడు ఆ పెద్దలు ఏం చేయాలి? ఎలా తట్టుకోవాలి? 'సబర్ చేయండి' అని ఒక్క మాట చెప్పి మనం లేచి వెళ్లిపోతాం. ఆ సబర్ అంటే ఏమిటో మాత్రం వివరించం. ఈ నాలుగు మాటలు ఆ పెద్దల కోసమే.

బాధించడం అంటే కొట్టడం ఒక్కటే కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 60 ఏళ్లు దాటిన ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రూపంలో వేధింపుకు గురవుతున్నారు. ఇందులో శారీరక హింస కన్నా మాటలతో మనసును గాయపరచడం, డబ్బు, ఆస్తి కాజేయడం, అవసరాలు పట్టించుకోకపోవడం ఎక్కువ. అందుకే ఇది బయటికి కనిపించదు. ఒంటి మీద దెబ్బ ఉండదు, ఎవరూ అడగరు.

మన ఇళ్లలో ఇది ఎలా ఉంటుందో మనకు తెలుసు. పింఛను డబ్బు తెచ్చి ఇస్తాడు, కాని సగమే ఇస్తాడు. ఏటీఎం కార్డు తన దగ్గరే పెట్టుకుంటాడు. షుగర్ మాత్రలు అయిపోయాయని చెప్పి వారం గడిచినా తెచ్చే నాథుడుండడు. అన్నం పెడతారు, కాని పళ్లెం నేలకు తగిలే చప్పుడుతో పెడతారు. మనుమలను దగ్గరికి పోనివ్వరు. అన్నదమ్ములు ముగ్గురుంటే తల్లిని నెలకొకరి ఇంటికి సామాను మార్చినట్లు మారుస్తారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు నెల నెలా డబ్బు పంపుతూనే ఉంటాడు, అది తల్లి చేతికి చేరుతుందో లేదో అతనికి తెలియదు.

దివ్యఖుర్‌ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతులో తల్లిదండ్రులతో 'ఉఫ్' అని కూడా అనవద్దని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఆ ఆయతులో 'నీ దగ్గర' అనే అర్థమిచ్చే పదం ఒకటుంది. తల్లిదండ్రులలో ఒకరుగాని, ఇద్దరూగాని నీ దగ్గర వృద్ధాప్యానికి చేరుకుంటే అని. పెద్దలకు అసలు ప్రమాదం వీధిలో కన్నా వారు ఆధారపడి ఉన్న చోటనే పొంచి ఉంటుందని వారిని సృష్టించిన ప్రభువుకు తెలుసు. కనుక సోదరులారా! 'ఉఫ్' అనడమే నిషిద్ధమైనప్పుడు మందులు ఆపడం, డబ్బు లాక్కోవడం ఏ కోవలోకి వస్తాయో ఆలోచించండి. అది చిన్న కుటుంబ కలహం కాదు, జుల్మ్.

ఒక వృద్ధ తండ్రి గాథ

సంతానం చేతిలో బాధపడిన తండ్రి గురించి అల్లాహ్ మనకు ఒక పూర్తి సూరాలో తెలియజేశాడు. ఆయన సామాన్య మానవుడు కాదు, దైవప్రవక్త హజ్రత్ యాఖూబ్ (అలైహి). కన్న కొడుకులే ఆయన ముద్దుబిడ్డ యూసుఫ్ (అలైహి)ను బావిలో పడేసి, చొక్కాకు అబద్ధపు రక్తం పూసి తెచ్చి, ఏడుస్తూ నిలబడ్డారు. ఆయన ఏం చేశారు? యూసుఫ్ సూరా 18వ ఆయతు ప్రకారం, ఇది మీ మనసులు కల్పించిన కథ అని వారి ముఖం మీదే చెప్పారు. ఆ మాటతో పాటే తనకు 'సబ్రె జమీల్', అంటే అందమైన సహనమే మేలని అన్నారు.

గమనించండి! 'అందమైన సహనం' అనే మాట, 'మీరు చెప్పేది అబద్ధం' అనే మాట ఒకే నోటి నుంచి, ఒకే సమయంలో వచ్చాయి. సబర్ చేసేవాడు జరిగిన అన్యాయాన్ని అన్యాయం అనకూడదన్న నియమం ఎక్కడా లేదు.

ఆ తర్వాత ఆయన ఏడ్చారు. దుఃఖంతో కళ్లు తెల్లబడి చూపు పోయేంతగా ఏడ్చారు. ఇంకా యూసుఫ్‌నే తలుచుకుంటూ చిక్కి శల్యమవుతావా అని కొడుకులు విసుక్కున్నారు. యూసుఫ్ సువాసన వస్తోందని అన్నప్పుడు, నువ్వింకా నీ పాత భ్రమలోనే ఉన్నావని చుట్టూ ఉన్నవారు ఎగతాళిగా మాట్లాడారు. 'ముసలాయనకు మతి పోయింది' అని ఈనాడు మన ఇళ్లలో అనే మాట ఒక ప్రవక్త కూడా విన్నారన్నమాట! పెద్దలారా! ఆ మాట విని మీ గుండె కుంగిపోయిన రోజున ఈ సంగతి గుర్తు చేసుకోండి. అలాంటి మాట పడినంత మాత్రాన మనిషి విలువ తగ్గదు.

తన బాధను, దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఆయన వారికి సమాధానమిచ్చారు. అంతటితో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వెళ్లి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెతకమని, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని కొడుకులకు పని అప్పగించారు. అంతకు ముందు చిన్న కొడుకును తమ వెంట పంపమని వారు అడిగినప్పుడు కూడా, ఇతని అన్న విషయంలో మిమ్మల్ని నమ్మినట్లే మళ్లీ నమ్మాలా అని నిలదీశారు. అల్లాహ్ పేరు మీద గట్టి ప్రమాణం చేయించుకున్నాకే పంపారు.

కన్నీరు, మొర, ముఖం మీద నిజం చెప్పడం, మళ్లీ మోసపోకుండా జాగ్రత్త పడడం, ఆశ వదలకుండా ప్రయత్నించడం. ఇవన్నీ కలిస్తేనే ఆయన సహనం. మనం వీటిలో మిగతావన్నీ తీసేసి మౌనాన్ని ఒక్కదాన్ని మిగిల్చి, దానికి సబర్ అని పేరు పెట్టుకున్నాం.

'బయట చెబితే గీబత్ అవుతుందా?'

పెద్దలు ఆలిములను గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. 'మౌలానా సాబ్, మా వాడి గురించి బయట చెబితే గీబత్ అవుతుందేమోనని భయంగా ఉంది. ఇంటి పరువు పోతుందేమోనని కూడా భయంగా ఉంది' అంటారు. వారి దైవభీతి మెచ్చదగినది. కాని వారిని బాధించేవారికి అదే రక్షణ కవచం అవుతోంది.

నిసా సూరా 148వ ఆయతులో, చెడు మాటను బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని, అన్యాయానికి గురైనవాడికి మాత్రం మినహాయింపు ఉందని చెప్పబడింది. ఇమామ్ నవవీ (రహ్మలై) తమ 'రియాజుస్సాలిహీన్'లో గీబత్ అనుమతించబడిన ఆరు సందర్భాలను పేర్కొన్నారు. వాటిలో మొట్టమొదటిది, పీడితుడు తనకు న్యాయం చేయగలవారి ముందు తన గోడు చెప్పుకోవడం.

హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజి) సంగతి చూడండి. భర్త ఆమెతో 'జిహార్' చేశాడు. అంటే, నువ్వు నాకు తల్లిలాంటిదానివని చెప్పి దాంపత్యం తెంచేసే అజ్ఞాన కాలపు పద్ధతి. తన యవ్వనమంతా ఆయన దగ్గరే కరిగిపోయిందని, ఆయనకు పిల్లల్ని కన్నానని, వయసు మళ్లాక ఇలా చేశాడని ఆమె దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి మొరపెట్టుకున్నారు. ఆ గదిలోనే ఉన్న హజ్రత్ అయిషా (రజి)కు కూడా ఆమె మాటలు కొన్ని వినిపించలేదు. కాని ఏడు ఆకాశాల పైనున్న అల్లాహ్ విన్నాడు (ఇబ్నెమాజా). ముజాదలా సూరా తొలి ఆయతులు ఆమె విషయంలోనే అవతరించాయి. వయసు మళ్లిన ఒక స్త్రీ తన ఇంటి గోడును బయటికి వచ్చి చెప్పుకుంటే, ఇంటి పరువు తీశావని అల్లాహ్ ఆమెను మందలించలేదు. ఆ తంతును తప్పుడు మాటగా ఖండించి, అలా అన్నవాడికి పరిహారం విధించాడు.

మరో హదీసు వినండి. ఒక వ్యక్తి తన పొరుగువాడు బాధిస్తున్నాడని దైవప్రవక్త (సఅసం)కు ఫిర్యాదు చేశాడు. వెళ్లి సహనం వహించమని చెప్పారు. అతను రెండు మూడు సార్లు వచ్చాడు. అప్పుడు ఆయన (సఅసం), నీ సామాను తీసి దారిలో పెట్టమని చెప్పారు. దారిన పోయేవారు ఏమిటని అడగసాగారు, అతను విషయం చెప్పసాగాడు. జనం ఆ పొరుగువాణ్ణి దూషించడం మొదలుపెట్టారు. చివరికి పొరుగువాడే వచ్చి, ఇంటికి పద, ఇక నా వల్ల నీకు ఏ బాధా ఉండదని బ్రతిమాలుకున్నాడు (అబూదావూద్). సహనం అన్న మాట మొదట వచ్చింది. హింస ఆగనప్పుడు దాన్ని నలుగురి దృష్టికి తెచ్చే ఉపాయం కూడా ఆ నోటి నుంచే వచ్చింది.

అలాగని కనిపించిన ప్రతివారి దగ్గరా పిల్లల గురించి చెప్పుకుంటూ తిరగమని కాదు. అది గాయాన్ని పెద్దది చేస్తుంది. న్యాయం చేయగలవారికి, గుట్టు దాచగలవారికి చెప్పండి. అత్తింట ఉన్న కూతురు కావచ్చు, తమ్ముడు కావచ్చు, ఇమాం సాబ్ కావచ్చు, పొరుగింటి హిందూ సోదరుడే కావచ్చు. కనీసం ఒక్క మనిషికైనా మీ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసి ఉండాలి.

'ఇది నా పాపాల ఫలితమే'

కొందరు పెద్దలు తమను తామే నిందించుకుంటారు. నేను మా అమ్మను సరిగా చూడలేదు, అందుకే నాకీ గతి అంటారు. ఇది నా తఖ్దీర్ అని సరిపెట్టుకుంటారు. మన పాపాలకు తౌబా చేసుకోవడం ప్రతిరోజూ మన విధి. తౌబా ద్వారం ప్రాణం గొంతుకలోకి వచ్చే వరకు తెరిచే ఉంటుంది. కాని మీ గత పాపం మీ కొడుకు చేసే జుల్మ్‌ను ధర్మసమ్మతం చేయదు. అతని కర్మల చిట్టా వేరు, మీ చిట్టా వేరు. ఒకరి బరువు మరొకరు మోయరన్నది ఖుర్‌ఆన్ పలుచోట్ల చెప్పిన సూత్రం. జ్వరం వస్తే తఖ్దీర్ అని మందు మానేస్తామా? ఇదీ అంతే.

మరికొందరు చావును కోరుకుంటారు. బాధ కలిగిందని ఎవరూ మరణాన్ని కోరవద్దని దైవప్రవక్త (సఅసం) వారించారు. తప్పనిసరి అనిపిస్తే, జీవితం నాకు మేలైనంత కాలం బ్రతికించమని, మరణం మేలైనప్పుడు తీసుకెళ్లమని వేడుకోమన్నారు (బుఖారీ, ముస్లిం). ఆయన స్వయంగా దిగులు నుంచి, దుఃఖం నుంచి, మనుషుల పెత్తనం నుంచి, నికృష్టమైన ముదుసలితనం నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు. అంటే మీరు పడుతున్న ఈ బాధ ఎంతటిదో ఆయనకు తెలుసు. తహజ్జుద్ వేళ చేసే మీ సజ్దాలు వృథా కావు. పీడితుని మొరకు, అల్లాహ్‌కు మధ్య తెర ఉండదు. నమాజులో మనసు తేలికపడుతుంది, దానితో పాటు మనిషి నిలబడే బలం కూడా వస్తుంది. ఆ బలాన్ని తర్వాతి అడుగు వేయడానికి వాడుకోండి.

ఆస్తి విషయంలో జాగ్రత్త

విశ్వాసి ఒకే పుట్ట నుంచి రెండుసార్లు కాటు తినడని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారు (బుఖారీ, ముస్లిం). షరీఅత్‌లో వారసత్వం మరణం తర్వాతే మొదలవుతుంది. మీరు బ్రతికి ఉండగా మీ ఇంట్లో, పొలంలో వారసుడిగా వాటా అడిగే హక్కు సంతానంలో ఎవరికీ లేదు. 'ఎలాగూ మాదే కదా, ఇప్పుడే రాసివ్వండి' అంటే రాసివ్వడం మీ మీద విధి కాదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం సంతానానికి హిబా చేసి, స్వాధీనం కూడా చేసేశాక దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. కాబట్టి సంతకం పెట్టే ముందు ఆలోచించండి. వేలిముద్ర వేసే ముందు ఆ కాగితం చదివించుకోండి. ఇవ్వదలిస్తే సంతానం మధ్య న్యాయం పాటించండి.

పేదరికంలో ఉన్న తల్లిదండ్రుల పోషణ స్తోమత గల సంతానంపై వాజిబ్. హనఫీ ఫిఖహ్‌లో ప్రబలమైన మాట ప్రకారం ఇది కొడుకుల మీదా, కూతుళ్ల మీదా సమానమే. అందుకే జకాత్ సొమ్మును సొంత తల్లిదండ్రులకు ఇస్తే జకాత్ చెల్లదు. అది వారికి చేసే దానం కాదు, వారి హక్కు. కోడలు చేసే సేవ ఆమె మంచితనం. బాధ్యత మాత్రం కొడుకుది. తన బాధ్యతను భార్య మీద వేసి, పనులు జరగనప్పుడు ఆమెను నిందించేవాడు ఇద్దరికీ అన్యాయం చేస్తున్నాడు.

దేశ చట్టం కూడా ఈ విషయంలో పెద్దలకు అండగా ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఆర్డీఓ ఎదుట అర్జీ పెట్టుకోవచ్చు. వెళ్లలేనివారి తరఫున వారు కోరిన మరొకరు పెట్టవచ్చు. నెలకు 10,000 రూపాయలకు మించకుండా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఈ చట్టం కల్పించింది. బాగోగులు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, ఆ షరతు నెరవేరకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయమని 23వ సెక్షన్ కింద కోరవచ్చు. అందుకే ఆ షరతు నోటిమాటగా ఉండిపోకుండా కాగితం మీద రాయించుకోవాలి. వృద్ధులను దిక్కులేనివారిగా వదిలేస్తే 3 నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. 14567 నంబరుకు ఫోన్ చేస్తే వయోవృద్ధుల సహాయ కేంద్రంవారు ఉచితంగా దారి చూపుతారు. ప్రాణానికి ముప్పు ఉంటే పోలీసులకు చెప్పడానికి వెనుకాడకండి. జుల్మ్‌కు గురైన తర్వాత తనను తాను కాపాడుకునేవారి మీద ఏ నిందా లేదని షూరా సూరా 41వ ఆయతు స్పష్టం చేస్తోంది.

క్షమించడం ఎప్పుడు? ఎలా?

ఆ ఆయతుకు ముందే, క్షమించి సంధి చేసుకున్నవాడి ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉందని కూడా చెప్పబడింది. తల్లిదండ్రుల మనసు వెన్న. కొడుకు ఒక్కసారి 'అమ్మీ' అని పిలిస్తే చాలు, ఏడాది బాధ మరిచిపోతారు. అది గొప్ప గుణం. కాని హజ్రత్ యాఖూబ్ (అలైహి) కొడుకులు తప్పు ఒప్పుకుని, మా కోసం ఇస్తిగ్‌ఫార్ చేయమని వేడుకున్నప్పుడు, త్వరలో చేస్తానని అన్నారు. దుఆ స్వీకరించబడే సహరీ వేళ కోసం ఆగారని కొందరు వ్యాఖ్యాతలు రాశారు. ఏమైనా, క్షమించడానికి కొంత సమయం తీసుకోవడం తప్పు కాదు. క్షమించినంత మాత్రాన ఏటీఎం కార్డు మళ్లీ చేతిలో పెట్టనవసరం లేదు. మనసులో పగ వదిలేయడం వేరు, మళ్లీ దెబ్బకు వీపు చూపడం వేరు.

అలసిపోయిన బిడ్డ ఒకసారి విసుక్కోవడాన్ని, రోజూ సాగే జుల్మ్‌ను ఒకే గాట కట్టకండి. 'ఉఫ్' అనవద్దన్న ఆదేశం తర్వాత రెండో ఆయతులోనే, మనసులో మంచి ఉండి పశ్చాత్తాపపడేవారిని అల్లాహ్ క్షమిస్తాడన్న శుభవార్త ఉంది. మంచాన పడ్డ పెద్దలకు రాత్రింబవళ్లు సేవ చేసేవారికి ఇది ఊరట.

ఒక్క విషయంలో మాత్రం నాలుకను అదుపులో పెట్టుకోండి. బద్దుఆ ఇవ్వకండి. మీపై, మీ సంతానంపై, మీ సంపదపై శాపాలు పెట్టకండి, అది దుఆ స్వీకరించబడే ఘడియ అయితే నిజమైపోతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు (ముస్లిం). సంతానం విషయంలో తండ్రి దుఆ తిరస్కరించబడదన్న హదీసు కూడా ఉంది. అంతటి ఆయుధాన్ని శాపానికి బదులు హిదాయత్ కోసం వాడండి.

జమాఅత్ ఏం చేయాలి?

నీ సోదరుడు పీడితుడైనా, పీడకుడైనా అతనికి సహాయం చేయి అని దైవప్రవక్త (సఅసం) ప్రబోధించారు. పీడకుడికి సహాయం ఎలా అని అడిగితే, అతని చెయ్యి పట్టుకుని ఆపడమే అతనికి సహాయమన్నారు (బుఖారీ). కనుక ఇది ఒక్క ఇంటి విషయం కాదు, మహల్లా మొత్తం విషయం.

రోజూ ఫజర్‌కు వచ్చే పెద్దాయన వారం రోజులుగా రాలేదంటే, ఇద్దరు వెళ్లి చూడాలి. పరామర్శించేటప్పుడు కొడుకు ఎదుట 'అంతా బాగుందా' అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. కాసేపు ఒంటరిగా కూర్చుని మాట్లాడాలి. మస్జిదుకు రాని పెద్దమ్మల సంగతి మహిళా ఇజ్తిమాలవారు కనుక్కోవాలి. ఎవరైనా గోడు చెప్పుకుంటే 'సబర్ చేయండి చాచా' అని పంపించేయకుండా, ఆ కొడుకును పిలిపించి మాట్లాడాలి. అవసరమైతే ఆర్డీఓ కార్యాలయానికి తోడు వెళ్లాలి. అర్జీ రాసిపెట్టడం కూడా నేటి కాలంలో పీడితునికి చేసే సహాయమే.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో ఒక వృద్ధురాలు దారిలో ఆపితే, తల వంచుకుని చాలాసేపు నిలబడి విన్నారని తఫ్సీర్ గ్రంథాలలో ఉంది. ఒక ముసలామె కోసం ఇంతమందిని ఆపేశారేమిటని ఎవరో అంటే, ఆమె ఖౌలా అని, ఆమె మాటను ఏడు ఆకాశాల పైనుంచి అల్లాహ్ విన్నాడని ఆయన బదులిచ్చారు. అల్లాహ్ విన్న మాటను వినడానికి ఖలీఫాకు తీరిక దొరికింది. మరి మనకు?

పెద్దలారా! అసర్ తర్వాత మస్జిదులో కాసేపు ఎక్కువసేపు కూర్చోండి. మీరు నమ్మే ఒక్క మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, దాచుకున్న మాట చెప్పండి. అలా చెప్పినంత మాత్రాన మీ సబర్ చెదిరిపోదు.

అల్లాహ్ మన పెద్దల కన్నీరు తుడుచుగాక! వారి చివరి రోజులను వారి జీవితంలో మంచి రోజులుగా చేయుగాక! తల్లిదండ్రులను బాధిస్తున్నవారికి మరణానికి ముందే కళ్లు తెరిపించుగాక! పీడితుని గోడు విన్నప్పుడు లేచి నిలబడే ధైర్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.